మేయ్ అక్క జరిపిన ఊరు

క్వాంగ్ సూమేయ్ అనే ఆవిడ ఒక చలికాలం మధ్యాహ్నం, కుర్చీలోంచి లేవకుండా, ఎడమచేత్తో గంజి తాగుతూ కుడిచేత్తో ఒక ఊరిని ఎత్తి, దేశం ఆ కొస నుంచి ఈ కొసకి తెచ్చి పెట్టింది. ఇళ్ళూ, దేవదారు అడవులూ, గడ్డకట్టిన నదీ, రైలు స్టేషనూ, శ్మశానంలో పొయ్యితో సహా. చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

సరే, ఊరంతా కదిలిందనడం కొంచెం ఎక్కువే. నది కదల్లేదు, అడవి కదల్లేదు, ఆ ఊరి జనానికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. కదిలింది ఒక్క మనిషికి మాత్రమే. కాకపోతే ఆ ఒక్కడి వరకూ అది నిజంగానే కదిలిపోయింది, పరిగెత్తి పట్టుకుందామన్నా అందనంత దూరం. కాబట్టి మొదటి మాటలో సగం వెనక్కి తీసుకుని మిగతా సగం మీద గట్టిగా నిలబడవచ్చు.

చైనా దక్షిణాన గ్వాంజౌలో శ్యావ్‌బేయ్ పేటలో, నడక వంతెన దిగగానే పాచిపట్టిన పాత భవనం ఒకటుంది. దాని రెండో అంతస్తులో మేయ్ అక్క కౌంటరు. ఆమె కంటే చిన్నవాళ్ళూ మేయ్ అక్క అనే పిలుస్తారు, ఆమె కంటే పెద్దవాళ్ళూ అదే పిలుస్తారు. విమాన టికెట్లు కాగితం మీద కార్బన్ పెట్టి రాసే కాలంలో ఆమె ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరింది. జనం ఫోన్లలోనే టికెట్లు కొనుక్కోవడం మొదలుపెట్టాక ఆ ఆఫీసు మూసేశారు. తోటి గుమాస్తాలు ఒకరు బట్టల కొట్లో చేరారు, ఒకరు కూతురి ఇంట్లో మనవడిని ఎత్తుకుని కూర్చున్నారు. మేయ్ అక్కకి మాత్రం ఒక సంగతి తట్టింది. ఫోన్లో టికెట్ కొనడం ఈ దేశంవాడికి కళ్ళు మూసుకుని చేసే పని. బయటినుంచి వచ్చినవాడికి అది పగలే చుక్కలు చూపించే పని.

ఈ దేశపు నంబరున్న ఫోన్ లేనిదే కోడ్ రాదు. కోడ్ రానిదే తలుపు తెరుచుకోదు. తెరుచుకున్నా బయటి బ్యాంకు కార్డు చెల్లదు. చెల్లినా పేరు రాసే గడిలో పేరు పట్టదు. ఇక్కడి మనుషుల పేర్లు రెండు మూడు అక్షరాలతో తేలిపోతాయి. ఆ గడులు తయారుచేసినవాడు లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాడు. ఇంటిపేరు లేనివాళ్ళు వచ్చేవారు. తాత పేరూ ముత్తాత పేరూ కలుపుకుని వచ్చేవారు. పాస్‌పోర్టులో ఒకలా, గడిలో ఒకలా ఉంటే విమానాశ్రయంలో అమ్మాయి చిరునవ్వు నవ్వుతూ వెనక్కి పంపేస్తుంది. అలా పంపబడినవాళ్ళు ఏడుపు ముఖాలతో శ్యావ్‌బేయ్‌కి వచ్చి మేయ్ అక్క ముందు కూలబడేవారు.

"మేయ్ అక్క తీసిన టికెట్‌కి తిరుగులేదు" అని ఆఫ్రికాలో బమాకో నుంచి వచ్చినవాళ్ళు అనేవారు, ఢాకా నుంచి వచ్చినవాళ్ళూ అనేవారు. ఆమెకి ఆ మాటే తిండి. అదే భవనంలో ఇంకా ముగ్గురు టికెట్లవాళ్ళు కాచుకుని కూర్చున్నారు, ఆమె ఎప్పుడు జారిపడుతుందా అని. ఇన్ని వేలమందిని గాల్లోకి పంపిన ఆ మనిషి తను మాత్రం ఎన్నడూ విమానం ఎక్కలేదు. లిఫ్టు ఎక్కితేనే ఆమెకి చెవులు నొప్పి.

ఆ గదిలోనే కిటికీ పక్కన వెన్ మామ కూర్చునేవాడు. పెట్టెలకి చక్రాలూ జిప్పులూ బాగుచేసే ముసలాయన. పని తక్కువ, నోరు ఎక్కువ.

"నువ్వు టికెట్ తీస్తావు, నేను పెట్టె బిగిస్తాను. ఇద్దరం కలిసి లోకాన్ని వదిలించుకుంటున్నాం అమ్మాయ్" అనేవాడు.

"నీ నోటికి కూడా ఒక జిప్పు కుట్టుకో మామా" అనేది ఆమె.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో తోవు అని ఒకడుండేవాడు. మడగాస్కర్ దీవివాడు. సవరాలు కొని వాళ్ళ దేశానికి పంపే వ్యాపారం. తోవు అన్నది పిలుపు పేరు. పాస్‌పోర్టులో ఉన్నది ఆండ్రియమనంత్సువనిరిన తోవుహెరి జాన్ బాప్తిస్త్. వెన్ మామ అతన్ని "రైలుబండి" అనేవాడు. "అదిగో, ఇంజను గదిలోకి వచ్చింది. పెట్టెలన్నీ లోపలికొచ్చేసరికి సాయంత్రమవుతుంది" అనేవాడు. తోవుకి వాళ్ళ గ్వాంజౌ మాట అర్థమయ్యేది కాదు, అయినా నవ్వేవాడు. బేజింగ్ భాష కొంచెం వచ్చు, అది కూడా ముక్కలు ముక్కలుగా.

అతని పెళ్ళాం తొంగ్ శ్యూ. శ్యూ అంటే మంచు. మంచు పడుతున్న రోజున పుట్టిందని ఆ పేరు పెట్టారట. కింద అంతస్తులో సవరాల కొట్టు ఆమెదే. పొడుగ్గా ఉండేది, గట్టిగా మాట్లాడేది, బేరమాడినవాళ్ళని తిట్టి మరీ సరుకు ఇచ్చేది. ఏ ఊరిదంటే "ఉత్తరాదిది" అనేవారు అందరూ. గ్వాంజౌవాళ్ళకి తమ కొండలు దాటితే ఆ పైనంతా ఉత్తరమే. ఆనుకుని ఉన్న జ్యాంగ్‌షీ రాష్ట్రమూ ఉత్తరమే, రష్యా సరిహద్దూ ఉత్తరమే. మధ్యలో ఎంత నేల ఉందో ఎవరికి పట్టింది?

ఆ చలికాలం ముందు శ్యూకి జబ్బు చేసింది. చివరికి వైద్యం చాలించి, అమ్మ దగ్గర పడుకుంటానని పుట్టింటికి వెళ్ళిపోయింది. తోవు వెంట వెళ్ళలేకపోయాడు. అతని పాస్‌పోర్టు వీసా పొడిగింపుకి ఇచ్చి ఉంది. పాస్‌పోర్టు చేతిలో లేనివాడు ఈ దేశంలో విమానమూ ఎక్కలేడు, రైలూ ఎక్కలేడు. అది తిరిగి చేతికొచ్చిన రోజునే శ్యూ పోయింది.

ఆ మధ్యాహ్నం అతను గదిలోకి వచ్చేసరికి మేయ్ అక్క గంజిలో ఉప్పుగుడ్డు నలుపుకుంటోంది.

"అక్కా, శ్యూ పోయింది."

"ఎక్కడికి?" అని తలెత్తింది. అతని ముఖం చూశాక చెంచా కింద పెట్టేసింది.

"ఇవాళ పొద్దున. వాళ్ళమ్మ ఇల్లు. ఎల్లుండి పొద్దున..." అతనికి మాట దొరకలేదు. వేళ్ళు పైకి ఆడించి చూపించాడు. "నిప్పు."

ఆ ఊళ్ళో పోయిన రోజుతో కలిపి మూడో పొద్దున దహనం. అది అందరికీ తెలిసిందే. కానీ తోవు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"మా వాళ్ళు నిప్పు పెట్టరు అక్కా. ఎప్పుడూ పెట్టరు. భూమిలో పెడతాం, మళ్ళీ తీస్తాం, మళ్ళీ కొత్త బట్ట చుడతాం. నేను ఆపలేను. వాళ్ళ ఊరు, వాళ్ళమ్మ. ఆపను. కానీ ముందు ఇది."

సంచీలోంచి ఒక పట్టు శాలువా తీశాడు. అది తన అమ్మ నేసిందట, దట్టంగా, మోటుగా, ఎర్రమట్టి రంగులో. పెళ్ళినాడు ఇచ్చి, మీ ఇద్దరిలో ముందు పోయినవాళ్ళకి అని చెప్పిందట.

"ఇది చుట్టాలి. నా చేత్తో. ఆ తర్వాత నిప్పు పెట్టుకోనీ."

వెన్ మామ సుత్తి పక్కన పెట్టాడు. మేయ్ అక్క గిన్నె తోసేసి కంప్యూటరు ముందుకి జరిగింది.

"చుడతావు తమ్ముడూ. రేపు సాయంత్రానికల్లా నువ్వు అక్కడుంటావు. నా పూచీ. ఏ ఊరు?"

"యిచున్."

ఆమె ముందు పేరుతో మొదలుపెట్టింది. అలవాటు అది. ఊరు ఎక్కడికీ పోదు, పేరే కొరకరాని కొయ్య. ఆండ్రియమనంత్సు దగ్గరే గడి నిండిపోయింది. ఇంటిపేరు రెండుగా విరిచింది, పట్టలేదు. బాప్తిస్త్ తీసేసింది, పాస్‌పోర్టు నంబరు ఒప్పుకోలేదు. విమాన కంపెనీకి ఫోన్ చేసి ఒక అమ్మాయితో వాదించింది. ఆ అమ్మాయి మేనేజరుతో వాదించింది. గంజి మీద మీగడ కట్టింది, ఎడమచేత్తో అదే తాగుతూ కుడిచేత్తో మళ్ళీ మొదటినుంచి కొట్టింది.

"యిచున్‌కి విమానమేమిటే?" అన్నాడు వెన్ మామ గ్వాంజౌ మాటలో. "పొద్దున రైలెక్కిస్తే భోజనం వేళకి దిగుతాడు."

"ఆ రైలు యాప్‌లో వీళ్ళ పాస్‌పోర్టు సరిచూసేసరికి పుణ్యకాలం గడుస్తుంది. పని చేసుకోనీ మామా."

వాళ్ళ మాట తోవుకి అర్థం కాలేదు. అర్థమై ఉంటే ఈ కథ లేదు. శ్యూ పుట్టింటికి భోజనం వేళకి తీసుకెళ్ళే రైలు ఈ భూమ్మీద లేదని అతనికి తెలుసు. అతను మేయ్ అక్క భుజం దగ్గరికి వంగి, వేసుకున్న పల్చటి జాకెట్టు మీద, ఛాతీ దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"అక్కా. అక్కడ శ్యూ. చాలా శ్యూ. ఇది చాలదు, కదా?"

మంచు బాగా పడుతుంది, ఈ జాకెట్టు చాలదు అంటున్నాడు. కోటు ఎక్కడ దొరుకుతుందని అడగబోతున్నాడు. మేయ్ అక్కకి కనిపించింది మాత్రం పెళ్ళాం పేరు తలుచుకుంటూ గుండె మీద చెయ్యి వేసుకున్న మగవాడు. ఆమె కళ్ళు చెమర్చాయి.

"తెలుసు నాయనా, తెలుసు. శ్యూ అక్కడే ఉంది. గుండె గట్టి చేసుకో."

అప్పుడే పేరు పట్టింది. గడి పచ్చగా మారింది. మేయ్ అక్క బల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. ఆ ఊపులోనే ఊరి గడిలో "యిచున్" అని ఇంగ్లీషు అక్షరాలు కొట్టింది. ఇంగ్లీషులో ఆ అక్షరాలతోనే రాసే ఊళ్ళు రెండు కింద తెరుచుకున్నాయి. ఒకటి పలికేటప్పుడు గొంతు చదునుగా పోతుంది. అది రష్యా వైపు అడవుల్లో ఉంది. ఇంకొకటి పలికేటప్పుడు గొంతు పైకి లేస్తుంది. అది జ్యాంగ్‌షీలో, వేడినీటి బుగ్గల దగ్గర ఉంది. కిందటి నెలలోనే ఎవరో మోకాళ్ళ నొప్పులని ఆ బుగ్గలకి వెళ్ళారు, కాబట్టి కంప్యూటరు దాన్ని ముందు పెట్టింది. ఆమె వేలు ముందున్నదాని మీద పడింది. శ్యూ ఉత్తరాదిది, జ్యాంగ్‌షీ ఉత్తరాన ఉంది. అనుమానం రావడానికి ఏముంది?

టికెట్ కాగితం మీద ఇంగ్లీషులో యిచున్ అనే ఉంది. తోవు చదువుకుని తలూపాడు. రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంత పేరు పట్టించావే అమ్మాయ్" అన్నాడు వెన్ మామ. "నీకు గుడి కట్టించాలి."

మర్నాడు మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. చేతిలో ఇంకెవరిదో పని ఉండడంతో మేయ్ అక్క స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"అక్కా, దిగాను."

"మంచిది తమ్ముడూ. టాక్సీ ఎక్కి అడ్రసు చూపించు."

"అక్కా, ఇక్కడ శ్యూ లేదు."

ఆమె చేతులు ఆగిపోయాయి. "లేదు నాయనా. ఇక ఉండదు. మెల్లగా అలవాటు చేసుకోవాలి."

"కాదక్కా. అసలు లేదు. ఎక్కడా లేదు. వాన పడుతోంది. చెట్లు పచ్చగా ఉన్నాయి. శ్యూ లేదు!"

"ఊరుకో. ఏడవకు. నువ్వు ఏడిస్తే వాళ్ళమ్మని ఎవరు చూస్తారు?"

"అక్కా, వినక్కా, శ్యూ..."

తర్వాత ఎవరో ఫోన్ లాక్కున్న చప్పుడు, వెనక వాన చప్పుడు, ఒక డ్రైవరు గొంతు.

"అమ్మా, ఈయన మీ మనిషేనా? నాకు చూపిస్తున్న అడ్రసు రష్యా పక్కనున్న హైలోంగ్జ్యాంగ్‌ది. అది వేరే యిచున్. ఈయన్ని అక్కడికి నేను తోలుకుపోవాలంటే కొత్త సంవత్సరం దారిలోనే చేసుకోవాలి. ఎవరమ్మా ఈయనకి టికెట్ తీసిన మహానుభావుడు?"

వెన్ మామ చేతిలోని చక్రం కిందపడి గోడదాకా దొర్లింది. దాన్ని తీయడానికి ఆయన లేవలేదు.

మేయ్ అక్క ఫోన్ స్పీకరు ఆపేసింది. తోవుని అక్కడే ఉండమని చెప్పింది. పని మీద వచ్చినవాళ్ళని బయటికి పంపింది. ఆ తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని ఆమె వెతకని దారి లేదు. బేజింగ్ మీదుగా చూసింది, షాంఘై మీదుగా చూసింది, హార్బిన్‌లో దిగి రైలెక్కితే ఏమవుతుందో చూసింది. ఎటు తిప్పినా మర్నాడు పొద్దున్నకి చేరే దారి లేదు. మధ్యాహ్నానికైతే ఉంది. ఆ టికెట్ తీసేసింది. ఈసారి పేరు ఒక్కసారికే పట్టింది.

అంటే తోవుకి కావలసింది ఇక ఒక్క పూట. ఆ ఒక్క పూట ఇవ్వగలిగినవాళ్ళు శ్యూ పుట్టింటివాళ్ళు. తోవుని అడిగి ఆమె తమ్ముడి నంబరు తీసుకుంది. అతని పేరు తొంగ్ వే.

"ఎవరు?" అన్నాడు అవతలివాడు, తలుపు తోసినట్టు.

"గ్వాంజౌ నుంచి బాబూ. మీ బావగారికి టికెట్ తీసినదాన్ని."

"నాకు బావెక్కడున్నాడు? మా అక్కకి పెళ్ళే కాలేదు."

"అలా అనకు బాబూ. చట్టం ప్రకారం చేసుకున్నారు. కొట్టు గోడకి ఫోటో కూడా ఉండేది."

అతని గొంతు కాస్త తగ్గింది. "మా అమ్మ పొద్దుటినుంచి ఒకటే గొడవ. వాడొస్తాడు, ముఖం చూసుకోనివ్వండి అంటుంది. శ్మశానంలో అడిగాను. పొద్దున వేళ వదులుకుంటే రేపు సాయంత్రం వేళ ఇస్తామన్నారు. నేను ఊఁ అనలేదు. ఎక్కడున్నాడు వాడు? నిజం చెప్పండి."

ఇది చాలు. తప్పు నాది బాబూ, ఊరు పొరబడ్డాను, మీ బావ ఏ పాపమూ ఎరగడు అనేస్తే చాలు. మేయ్ అక్క నోరు తెరిచింది. ఆ భవనంలో తలుపులు పల్చనివి. పక్క కౌంటరువాళ్ళు తమ పని ఆపి వింటున్నారని ఆమెకి తెలుసు. అది ఒకటి. రెండోది, టికెట్ల వ్యాపారంలో తలనెరిసిన వాళ్ళకి ఏ ఆపద వచ్చినా ముందుగా నాలుక మీదికి వచ్చేది వాతావరణం. గాలివాన అంటారు, పొగమంచు అంటారు, పిడుగులు అంటారు. ఆలోచించి అనరు. తుమ్ము వచ్చినట్టు వస్తుంది.

"మీ ఊళ్ళో మంచు తుఫానటగా బాబూ" అంది. "విమానం దించలేదు. వెనక్కి తీసుకుపోయారు."

"మా ఊళ్ళోనా?"

"అవును. అంతా మంచేనట."

"నేను ఇంటి బయట నిలబడి ఉన్నాను" అన్నాడు తొంగ్ వే, నెమ్మదిగా. "ఎండ కాస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. వాడు రానని మీతో చెప్పించాడు కదూ? రాకపోతే పీడాపోయింది. ఇంకెప్పుడూ ఈ నంబరుకి చెయ్యకండి."

మళ్ళీ చేస్తే ఫోన్ ఎత్తలేదు. ఇంకోసారి చేస్తే కట్టేసి ఉంది. తప్పు నాది అని సందేశం రాయడం మొదలుపెట్టింది. రెండు మాటలు రాసి చెరిపింది. మళ్ళీ రాసి మళ్ళీ చెరిపింది.

"నిజం చెప్పేయొచ్చు కదే" అన్నాడు వెన్ మామ. ఆయన గొంతులో ఎగతాళి లేదు. అది ఆమె ఎప్పుడూ వినని గొంతు.

"నీ పెట్టెల సంగతి నువ్వు చూసుకో."

"నేను చెప్పనా? నాకు నంబరు ఇవ్వు."

"ఫోన్ కట్టేశాడు అంటున్నాను కదా! చెవుడా?"

ఆయన లేచి గోడదగ్గరున్న చక్రం తీసుకుని తన చోటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం లోపు తోవు రెండుసార్లు ఫోన్ చేశాడు. "వాళ్ళు ఆగుతారా అక్కా?" అని అడిగాడు. "చెప్పాను, చెప్పాను, నువ్వు వెళ్ళు" అంది ఆమె. చెప్పిందేమిటో చెప్పలేదు.

పదిరోజులు గడిచాయేమో, తోవు వచ్చాడు. ముఖం మీద చర్మం చలికి పగిలి నల్లగా పెచ్చులు కట్టింది. చెవి కొనలు పుండ్లు పడ్డాయి. ఎవరిదో పాత పొట్టి కోటు, చేతులు మణికట్ల దాకా రాలేదు. వెన్ మామ తన స్టూలు అతని వైపు తోసి, తను నిలబడ్డాడు. మేయ్ అక్క వేడినీళ్ళు పోసి ఇచ్చింది. ఆమె ఎదురుచూస్తున్నది తిట్లు. ఒక విధంగా ఆమెకి అవే కావాలి.

"అక్కా, క్షమించు. తప్పు నాది."

"ఏమిటి?"

"నా నాలుక. నాకు గొంతు పైకి ఎత్తాలో కిందికి దించాలో తెలియదు. నేను యిచున్ అన్నాను, నీకు ఇంకో యిచున్ వినపడింది. నువ్వు నా కోసం అంత కష్టపడ్డావు. నేను ఊరి పేరు కూడా సరిగ్గా పలకలేదు. పెళ్ళాం ఊరి పేరు."

గదిలో వెన్ మామ ఆమెనే చూస్తున్నాడు. పక్క కౌంటరు తలుపు సందులోంచి ఎవరో చూస్తున్నారు. తన వేలే పొరబడిందని, అతను పలికినదాంట్లో తేడా ఉందో లేదో తను అసలు వినను కూడా వినలేదని ఆమెకి తెలుసు.

"పలకడం కష్టమేలే" అంది మేయ్ అక్క. "మీవాళ్ళందరికీ కష్టమే."

తోవు తలూపాడు. నీళ్ళు తాగాడు.

"మధ్యాహ్నం చేరాను. పొద్దున్నే అయిపోయింది. బూడిద, ఇంతే పెట్టె." చేతులతో చూపించాడు, ఒక రొట్టె పట్టేంత. "శాలువా పెద్దది కదా అక్కా, మనిషికి నేసింది. పెట్టె చిన్నది. చుట్టాను, చుట్టాను, ఇంకా మిగిలింది. చివరికి పురిటిబిడ్డలా తయారైంది. వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టుకుంది. ఊపింది కూడా."

మేయ్ అక్క అతని గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోసింది.

"వాళ్ళ తమ్ముడు మంచివాడే. ఈ కోటు అతనిదే. కానీ ఒకటి అడిగాడక్కా, నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నా కాలర్ పట్టుకుని అడిగాడు, నిన్ను ఏ శ్యూ ఆపింది, చెప్పు, ఏ శ్యూ ఆపింది అని." తోవు ఆమె ముఖంలోకి చూశాడు. "శ్యూ నన్ను ఎప్పుడూ ఆపలేదు. నేను ఎక్కడికి వెళ్తానన్నా వెళ్ళమనేది. ఎందుకలా అడిగాడు?"

వెన్ మామ గొంతు సవరించుకున్నాడు. మేయ్ అక్క చటుక్కున ఆయన వైపు తిరిగింది. ఆ చూపులో ఏముందో గాని, ఆయన మళ్ళీ నోరు మూసుకున్నాడు.

"దుఃఖంలో ఏదో అని ఉంటాడు" అంది ఆమె. "దుఃఖంలో మనుషులు ఏవేవో అంటారు."

"అంతేనా?"

"అంతే."

తోవు గ్లాసు బోర్లించి లేచాడు. వెళ్ళేముందు మళ్ళీ రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతను మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా ఆమె ఆ చేతిని బల్ల మీద అలాగే ఉంచింది, తనది కానట్టు.

ఆ వారమే వెన్ మామ తన పనిముట్లు సర్దుకుని కింద మెట్ల దగ్గరికి మారిపోయాడు. పైన వెలుతురు చాలట్లేదన్నాడు. పైన కిటికీ ఉంది, కింద లేదు. శ్యూ కొట్టులో ఎవరో చెప్పులు పెట్టారు. వసంతం రాకుండానే తోవు తన దీవికి వెళ్ళిపోయాడు. ఆ టికెట్ పక్క కౌంటరులో తీసుకున్నాడు, మేయ్ అక్కని ఇంకా కష్టపెట్టడం ఇష్టం లేక.

ఆమె వ్యాపారానికి ఏమీ కాలేదు. తిరుగులేదన్న పేరు అలాగే ఉంది. కాకపోతే ఆ తర్వాతినుంచి ఎవరు ఏ ఊరన్నా, "ఏ రాష్ట్రం? ఫోటో చూపించు. అక్కడ చలా, ఎండా?" అని అడగడం మొదలుపెట్టింది. బేజింగ్ అన్నవాడిని కూడా అడుగుతుంది. పక్క కౌంటర్లవాళ్ళు వెక్కిరిస్తారు, "అక్కా, చంద్రమండలానికి ఒక టికెట్, ఏ రాష్ట్రమో తెలియదు" అని. ఆమె నవ్వదు. వాళ్ళని తిట్టదు కూడా. ఇదివరకైతే తిట్టేది.

ఈ మధ్య కొత్త సంవత్సరం మర్నాడు, నాలుగిళ్ళవాళ్ళు చేరి టీ తాగుతున్న చోట ఎవరో ఈ సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పి, నిజమేనా అక్కా అని ఆమె ముఖం మీదే అడిగారు. మేయ్ అక్క పుచ్చగింజలు వలుస్తోంది. వలవడం ఆపలేదు.

"ఎవడు చెప్పాడు మీకు? ఆ పెట్టెల ముసలాడేనా? ఆయన మతి పోయి చాలా కాలమైంది. నాకు ఆ దీవివాడెవడూ తెలియదు. అంత పొడుగు పేరు మనిషికి ఉంటుందా ఎక్కడైనా? సవరాల కొట్టు నడిపిన శ్యూ అనే అమ్మాయి ఈ భవనంలో ఎప్పుడూ లేదు, కావాలంటే కింద అడగండి, అది చెప్పుల కొట్టు. నేను ఎవరి తమ్ముడికీ ఫోన్ చెయ్యలేదు. మంచు అని నేను అనలేదు. ఎందుకంటాను? అలాంటిదేదీ జరగలేదు."